వదిన దిగి చూశాకే

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నేను చర్చికి తయారవుతుంటే ఫ్రిస్కో నుంచి ఫోన్ వచ్చింది. మా వదిన పక్కింట్లో ఉండే అమ్మాయి. "ఆంటీ, మీ వదినగారు పొద్దున డోర్ తీయలేదండీ. నా దగ్గర స్పేర్ కీ ఉంటే ఓపెన్ చేశాను. నిద్రలోనే పోయారు ఆంటీ" అని ఏడ్చింది. ఆ పిల్లని ఓదార్చి ఫోన్ పెట్టేశాక, కట్టుకున్న పట్టుచీరతోనే వంటింట్లో నేల మీద చతికిలబడ్డాను. ఈ దేశంలో నాదని చెప్పుకోవడానికి మిగిలిన మనిషి ఆవిడొక్కతే.

భూస్థాపనకి జనం బాగానే వచ్చారు. పాటలు పాడారు, పూలు వేశారు. తర్వాత కాఫీల దగ్గర మొదలైంది. "మంచి మనిషేగానీ నలుగురిలో కలిసేది కాదండీ" అంది ఒకావిడ. "మా ఇంటికి ఎన్నిసార్లు రమ్మన్నా, వచ్చి భోంచేసి వెళ్ళిపోయేది. ఒక్క రాత్రి ఉండమంటే ఉండేది కాదు. ఎక్కడో హైవే పక్కన ఆర్వీ పార్కులో పడుకునేదట. అదేం పొగరో!" అంది ఇంకొకావిడ. నాకు ఒళ్ళు మండింది. సమాధి మీద మట్టి ఆరకముందే మొదలెట్టారా అనబోయి నోరు నొక్కుకున్నాను. ఆవిడ బతికున్నన్నాళ్ళూ దాచిన మాట అక్కడ బయటపెట్టడం బాగుండదనిపించింది. ఇక్కడ చెబుతాను. వింటే కుమిలిపోయేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

మా అన్నయ్యకి ఊళ్ళు తిరగడం పిచ్చి. డెబ్బైల చివర్లో ఇక్కడ ఉత్తరాన ఉన్న షామ్‌బర్గ్‌లో ఉద్యోగం కాస్త కుదురుకోగానే, ఇల్లు కొనకుండా పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. లోపలే మంచాలు, పొయ్యి, బాత్రూమ్. "ఇల్లు కొనమంటే చక్రాలున్న ఇల్లు కొన్నాడు మీ అన్నయ్య" అని వదిన నవ్వేది. అందులో రెండు వేసవులు తిరిగారో లేదో, అన్నయ్య కిడ్నీలు రెండూ పోయాయి. నా కిడ్నీ సరిపోతుందన్నారు. అది ఇవ్వడానికే నేను గుంటూరులో టీచరు పని వదిలేసి ఎనభైల మొదట్లో ఇక్కడికొచ్చాను. ఆపరేషన్ చేస్తానన్న డాక్టరు దక్షిణాన, రోజుల ప్రయాణమంత దూరంలో, హ్యూస్టన్‌లో ఉన్నాడు. అన్నయ్యకి కావలసిన మందునీళ్ళ సంచుల పెట్టెలు విమానంలో మోసుకెళ్ళలేం, అక్కడ నెలల తరబడి ఉండాలి. అందుకని మోటార్‌హోమ్‌లోనే బయల్దేరాం. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని అంత బండినీ నడిపింది వదినే.

ఆ సంచుల సంగతి చెప్పాలి. పాడైన కిడ్నీలకి బదులు ఒంట్లో మలినం లాగేది ఆ నీళ్ళే. అన్నయ్య కడుపులోకి సన్నటి గొట్టం ఒకటి పెట్టారు. దానిలోంచి సంచీడు నీళ్ళు లోపలికి పంపి, కొన్ని గంటలయ్యాక అవి తీసేసి, మళ్ళీ కొత్త సంచీ తగిలించాలి. రోజంతా ఇదే పని. సంచీ మార్చేటప్పుడు కిటికీలు మూయాలి, ఫ్యాను ఆపాలి, ముగ్గురం మూతికి గుడ్డ కట్టుకోవాలి. గొట్టం చివర తెరిచి ఉండే ఆ కాస్తసేపట్లో దుమ్మో తుమ్మో తగిలితే కడుపులో చీము పడుతుంది. చీము పడితే ఆపరేషన్ లేదని డాక్టరు ముందే చెప్పేశాడు. కాబట్టి ఏ రాత్రి ఎక్కడ ఆగుతామన్న దాని మీదే అన్నయ్య ప్రాణం ఆధారపడి ఉంది.

ఇలాంటి బళ్ళు రాత్రికి ఆపుకుని, అద్దెకి నీళ్ళూ కరెంటూ తగిలించుకునే చోట్లే ఆర్వీ పార్కులు. వదిన ఇంకా వెలుతురుండగానే ఇంటర్‌స్టేట్ హైవే దిగి పార్కు వెతికేది. "చీకట్లో అన్ని పార్కులూ శుభ్రంగానే కనిపిస్తాయి అమ్మాయ్" అనేది నాతో. రోడ్డు మీద పెద్ద పెద్ద బోర్డులు పెట్టిన పార్కుల్ని నమ్మేది కాదు. "బోర్డు వాళ్ళు రాసుకున్నది. బాత్రూమ్ మనం చూసేది." పక్కనే లారీలు ఆగే బంకు ఉంటే అటు తలే తిప్పేది కాదు. లోపల కంకర రోడ్డుంటే గేటు దగ్గర్నుంచే వెనక్కి. బాగుందనిపిస్తే బండి ఆపి తనొక్కతే దిగేది. ముందు బాత్రూమ్ చూసొచ్చేది. అప్పటికే ఆగున్న బళ్ళ అద్దాల మీద వేలితో గీసి, ఆ వేలు చూసుకునేది. ఎవరైనా తెల్లబట్టలు బయట ఆరేసుకుంటే ఆవిడ మొహం విప్పారేది. ఆఖర్న, మాకిస్తామన్న చోట నిలబడి కొంగు చివర రెండు వేళ్ళతో పట్టుకుని గాలికి వదిలేది. కొంగు హైవే వైపు ఎగిరితే సరే. హైవే నుంచి ఇటు ఎగిరితే లారీల పొగా ధూళీ మా మీదికే వస్తాయి. అంతా కుదిరితే, అన్నయ్య కూర్చున్న కిటికీ వైపు చూసి బాగుందన్నట్టు చెయ్యి ఊపేది. అప్పుడుగానీ బండి లోపలికి కదిలేది కాదు.

ఒక పార్కు యజమాని, ముసలాయన, ఈ కొంగు వ్యవహారం చూసి "ఏమిటమ్మా, జెండా పాతుతున్నావా?" అన్నాడు. "నచ్చితే పాతేస్తాను" అంది వదిన తన ఇంగ్లీషులో. కిటికీలోంచి విన్న అన్నయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. అన్నయ్య అంతగా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

దారిలో లిటిల్ రాక్ దగ్గర దొరికిన పార్కు వదినకి తెగ నచ్చింది. చుట్టూ గడ్డి, వెనక పైన్ చెట్లు. కొంగు హైవే వైపే ఎగిరింది. నీళ్ళ గొట్టం, కరెంటు వైరు తగిలించేశాం. ఈలోపు అన్నయ్య, పార్కు ఆఫీసు పక్కనున్న పేఫోన్ నుంచి, ఆ ఊళ్ళోనే ఉన్న తన కాలేజీ స్నేహితుడికి ఫోన్ చేశాడు. ఊరికే, పలకరిద్దామని.

కాసేపట్లో కారు రానే వచ్చింది. స్నేహితుడు దిగుతూనే అరిచాడు. "ఏరా, మా ఊరొచ్చి రోడ్డు పక్కన పడుకుంటావా? నలుగురికీ తెలిస్తే మా మొహాన ఉమ్మెయ్యరూ? చెల్లెమ్మా, తీసెయ్యి ఆ వైర్లు!"

ఆయన భార్య వదిన చేతులు పట్టుకుంది. "అన్నం వండేశాను వదినగారూ. మీరు రాకపోతే నేనూ తినను."

"సంచీ మార్చాలి కదండీ" అంది వదిన మెల్లిగా, అన్నయ్య వైపు తిరిగి.

"వాళ్ళింట్లో గది ఇస్తారుగా. ఒక్క పూటేగా. ఇంత దూరం వస్తే వద్దంటే ఏం బాగుంటుంది?" అన్నాడు అన్నయ్య.

ఏం బాగుంటుంది! మనవాళ్ళలో ఆ మాటకి ఎదురు చెప్పినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. వదిన బండికి తగిలించిన నీళ్ళ గొట్టం విప్పి, అందులో నీళ్ళు ఒంపేసి, చుట్ట చుట్టి లోపల పెట్టింది.

వాళ్ళు మమ్మల్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నారు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను. అన్నయ్య కోసం ఉతికిన దుప్పట్లు పరిచారు, కారం తగ్గించి వండారు. భోజనాలయ్యాక వదిన వెనక గదిలో తలుపు వేసి, ఫ్యాను ఆపి, సంచీ మార్చడం మొదలుపెట్టింది. పాతది విప్పింది. నేను కొత్తది పట్టుకుని నిలబడ్డాను. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. స్నేహితుడు, ఆయన భార్య, వాళ్ళు కబురు పెట్టి పిలిపించిన చర్చి పెద్దాయన. "ప్రార్థన చేసుకుందాం బాబూ" అన్నాడు పెద్దాయన. అన్నయ్య గబుక్కున మూతి మీది గుడ్డ కిందికి లాగేశాడు. పెద్దల ముందు మూతి కప్పుకు కూర్చుంటే మర్యాద కాదని! "రండి, రండి" అని నవ్వాడు. వాళ్ళు మంచం చుట్టూ చేరి, అన్నయ్య తల మీదా భుజాల మీదా చేతులుంచి, కళ్ళు మూసుకుని, ఏడుస్తూ ప్రార్థించారు. వదిన కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. గొట్టం చివర వేళ్ళ మధ్య పట్టుకుని నా వైపే చూస్తోంది. బయటికి వెళ్ళమని ఎలా అంటుంది? జరుగుతున్నది ప్రార్థన. ఆమెన్ అన్నాక కొత్త సంచీ తగిలించింది.

హ్యూస్టన్ చేరిన మర్నాడు పొద్దున, సంచీలోకి దిగిన నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉన్నాయి. వదిన ఆ సంచీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆపరేషన్ ఆపేశారు. జ్వరం దిగలేదు, చీము రక్తంలోకి పాకింది. వారం తిరక్కుండానే అన్నయ్య పోయాడు. ఎక్కడ తగిలిందో చెప్పలేం, దారిలో ఎక్కడైనా కావచ్చు అన్నాడు డాక్టరు. కావచ్చు. అన్నయ్యకివ్వాల్సిన కిడ్నీ ఇంకా నా ఒంట్లోనే ఉంది. ఒక్కో రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేను.

అన్నయ్య భూస్థాపనకి ఆ దంపతులు లిటిల్ రాక్ నుంచి పరిగెత్తుకొచ్చారు. "మా ఇంట్లో ఎంత సంతోషంగా తిన్నారు వదినగారూ! చేతులుంచి ప్రార్థన కూడా చేశాం కదా" అని ఆవిడ గుండెలు బాదుకుంది. వదిన ఆవిడ వీపు నిమురుతూ, "అవునండీ, మీ ఇంట్లో చాలా సంతోషపడ్డారు" అంది. ఆ దంపతులిద్దరూ ఇప్పుడు లేరు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఏటా అన్నయ్య పోయిన రోజున ఫోన్ చేసేది. అదే మాట అనేది. వదిన అదే జవాబు చెప్పేది. కానీ మళ్ళీ ఎవరింట్లోనూ రాత్రి పడుకోలేదు. ఓపికున్నంత కాలం తనే నడుపుకుంటూ వెళ్ళి, ఎవరూ ఎరగని పార్కు చూసుకుని ఆగేది.

ఒకసారి నేనే విసిగిపోయి అడిగాను. "అందరూ పొగరంటున్నారు. ఎందుకో చెప్పేస్తే పోలా వదినా?"

"చెబితే ఆ నోటా ఈ నోటా పడి వాళ్ళ చెవిన పడుతుంది. నన్ను పొగరంటే అననీ అమ్మాయ్. వాళ్ళు మనకి ప్రేమగా అన్నం పెట్టారు" అంది. అలాంటి మనిషి గురించి, కాఫీలు చప్పరిస్తూ, ఆ మాటలు.

అన్నయ్యని హ్యూస్టన్ మట్టిలో పెట్టి మేమిద్దరం అదే బండిలో, అదే దారిన వెనక్కొచ్చాం. వాడని సంచుల పెట్టెలు వెనక మంచం మీద కదులుతూనే ఉన్నాయి. లిటిల్ రాక్ దగ్గరికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. వదిన నన్నడక్కుండానే ఆ పార్కులోకి తిప్పింది. మేము వైర్లు విప్పుకుని వెళ్ళిపోయిన చోటు ఖాళీగానే ఉంది.

"వాళ్ళకి ఫోన్ చెయ్యొద్దా?" అన్నాను.

"వద్దు. ఇప్పుడు వాళ్ళ మొహాలు చూస్తే చెప్పేస్తాను."

బండి ఆపి దిగింది. దుమ్ము తగిలితే పోయే ప్రాణం ఇక ఆ బండిలో లేదు. అయినా వెళ్ళి బాత్రూమ్ చూసొచ్చింది. పక్క బండి అద్దం మీద వేలితో గీసి, వేలు చూసుకుంది. గడ్డిలో నిలబడి కొంగు చివర రెండు వేళ్ళతో పట్టుకుని గాలికి వదిలింది. అవతల ఇంటర్‌స్టేట్ మీద లారీలు వరసగా పోతున్నాయి. కొంగు అటే ఎగిరింది. ఎగురుతున్న దాన్ని కాసేపు చూసి, అన్నయ్య కూర్చునే కిటికీ వైపు తిరిగి, బాగుందన్నట్టు చెయ్యి ఊపింది.