తుడిచేసిన ఎరుపు

ఆ వీధిలో అందరూ ఆమెను టచప్ అక్క అనే పిలిచేవారు. ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని మొహాలు దిద్దడం ఆమె పని. మొటిమలు, మచ్చలు, కళ్ల కింది నలుపు అన్నీ మాయం. ఆమె చేతిలో పడితే బట్టతల మీద కూడా నాలుగు వెంట్రుకలు మొలిచేవి. జనానికి కావలసిందీ అదే మరి!

ఒకరోజు ఎనిమిదేళ్ల కూతురి ఎడమ కంట్లో, తెల్లగుడ్డు మీద, ఆవగింజంత గులాబీ రంగు చుక్క కనిపించింది. "దుమ్ము పడుంటుందిలే, నీళ్లతో కడుక్కో" అంది. వీధి చివరి డాక్టరు కూడా మామూలు పొరేనని చుక్కల మందు రాశాడు. ఆమె మనసు కుదుటపడింది. ఆ ఏడాది బడికనీ, బస్ పాసుకనీ, ఊరికేననీ ఎన్ని ఫోటోలు తీసిందో! ప్రతిదాంట్లోనూ ఆ ఎరుపును తుడిచేసింది. బిడ్డ అందంగా కనబడాలని ఏ తల్లికి ఉండదు? తెర మీద శుభ్రమైన కన్ను చూసి చూసి, ఎదురుగా ఉన్న కన్ను ఎంత మారిందో గమనించనే లేదు పిచ్చి తల్లి.

చుక్క నల్లగుడ్డు మీదికి పాకాక పెద్దాసుపత్రికి పరుగెత్తింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"ఇది క్యాన్సరమ్మా. పిల్లల్లో చాలా అరుదు. చూడ్డానికి మామూలు పొరలాగే ఉంటుంది, ఎవరైనా మోసపోతారు. ఎన్నాళ్లుగా పెరుగుతోందో తెలియాలి. పాత ఫోటోలేమైనా ఉన్నాయా?"

ఫోన్లో వందకు పైగా ఉన్నాయి. ఒక్కొక్కటీ జరిపింది. అన్నింట్లో రెండు కళ్లూ తెల్లగా మెరుస్తున్నాయి. దిద్దాక అసలు ఫోటో ఉంచుకునే అలవాటు ఆమెకు లేదు.

"చెరిపేశాను మేడమ్. నా చేతుల్తో నేనే చెరిపేశాను. కన్ను నిలుస్తుందా?"

 డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆమె చేయి పట్టుకుంది.

గడ్డ లోపలికి దిగిపోయింది. బిడ్డ ప్రాణం దక్కాలంటే కన్ను తీసేయక తప్పలేదు. ఆ ఎరుపును తుడవకుండా ముందే గమనించుంటే కన్ను నిలిచేదని ఎవరూ అనలేదు, నిలిచేది కాదనీ అనలేదు. ఆ అనుమానం ఆమెను లోలోపల తినేస్తూనే ఉంది.

ఇంటికొచ్చిన మొదటి రోజు గిన్నెలో అన్నం కలుపుకుని, ఎప్పట్లాగే బిడ్డకు ఎడమ పక్కన కూర్చుని ముద్ద అందించింది. పిల్ల తల తిప్పి వెతుక్కుంది.

"ఇటు రా అమ్మా. అటు కూర్చుంటే నువ్వు కనపడవు."