చీలమండకు రెండు రంధ్రాలు

నేను మెదక్‌లో బస్సు కండక్టరుగా పనిచేశాను. నాట్ల కాలంలో పాపన్నపేట బస్సు కిక్కిరిసి ఉండేది. ఆ గుంపులో నిలబడి టిక్కెట్లు కొట్టాలంటే చేతులకన్నా పాదాలు గట్టిగా ఉండాలి. బస్సు ఊగినప్పుడల్లా ఒంటి బరువును ఆపేవి అవే.

ఒక వానాకాలం పొద్దున, బస్సు వెనక్కి తీస్తుంటే సైడు చెప్పడానికి దిగి గుంతలో కాలు వేశాను. కుడి చీలమండ మడతపడింది. పదిహేను రోజుల్లో వాపు పోయింది, నొప్పి మాత్రం ఉండిపోయింది. మెట్టు ఎక్కేటప్పుడు కీలులో ఏదో అడ్డం పడి పాదం ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. నాటు కట్టు కట్టించుకున్నాను, సూదులు వేయించుకున్నాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. "ఫొటోల ఏం లేదంట. అంతా నాటకం" అని తోటి కండక్టరు ఒకడు నాకు వినపడేటట్టే అన్నాడు. ఆ రోజు కావాలనే సాయంత్రం దాకా కుంటకుండా నడిచి, ఇంటికొచ్చి గోడకు ఆనుకొని ఏడ్చాను.

రెండేళ్ల తర్వాత హైదరాబాదులో ఒక ఎముకల డాక్టరు స్కాన్ తీయించాడు. కీలు లోపల మెత్తటి ఎముక ముక్క ఒకటి ఊడి తిరుగుతోందని వేలు పెట్టి చూపించాడు.

"పెద్దగ కొయ్యం అమ్మా. రెండు చిన్న రంధ్రాలు పెడ్తం. ఒకదాంట్ల కెమెరా, ఇంకోదాంట్ల పనిముట్టు. ముక్క తీసేస్తం. కానీ నొప్పి మొత్తం పోతదని మాట ఇయ్యలేను."

"నిలబడి పని చెయ్యగలుగుతనా?"

"చెయ్యొచ్చు. మీరు కష్టపడాలె."

నాకు ఆ మాట చాలు.

మా దిక్కు ఎముకనూ బొక్కే అంటారు, రంధ్రాన్నీ బొక్కే అంటారు. మా అత్త సంగతి విని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "బొక్క నొస్తే బొక్కకే బొక్క పెడ్తరా? గిదేం వైద్యం బిడ్డా!" నవ్వు ఆపుకోలేకపోయాం. నవ్వయ్యాక మా ఆయన మెల్లగా అన్నాడు: "ఆఫీసుల కూసునే పని అడుగరాదు?"

"అడగ" అన్నాను.

దవాఖానలో చేరాల్సిన రోజే తెలంగాణ కోసం బంద్. బస్సులన్నీ డిపోలోనే ఆగిపోయాయి. బంద్‌కు జై కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, ఇక ఎవరిని తిట్టను? మోటర్ సైకిల్ మీద బయలుదేరాం. ఎల్దుర్తి దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి జనం బంద్‌ నిరసనగా వంట చేస్తున్నారు. కట్టెలు అడ్డం పెట్టి మమ్మల్ని ఆపారు. ఒకామె నన్ను గుర్తుపట్టింది.

"మన బస్సక్క గదా! యాడికక్కా?"

"కాలు ఆపరేషన్‌కు. రేపే."

"అయ్యో! జర తినిపోండ్రి. పట్నం దాక ఏం దొరకది."

రోడ్డు పక్కన కూర్చొని విస్తరాకులో వేడి అన్నం, పప్పు తిన్నాం. తర్వాత వాళ్లే కట్టెలు జరిపి దారి ఇచ్చారు.

మర్నాడు నడుముకు సూది వేశారు. కింద సగం ఒళ్లు నాది కాకుండా పోయింది కానీ తెలివి ఉంది. "చూస్తరా?" అని డాక్టరు కెమెరా బొమ్మ కనబడే తెరను నా వైపు తిప్పించాడు. లేత కొబ్బరిలా తెల్లగా ఉన్న కీలు లోపల, నీళ్లలో ఊగుతూ శనగబద్దంత ముక్క. నాటకం అన్నది దీన్నే అనుకున్నాను. సన్నటి పట్టకారు వచ్చి దాన్ని పట్టుకుంది, జారింది, మళ్లీ పట్టుకొని బయటికి లాగింది.

ఆరు వారాలు ఆ పాదం నేల మోపలేదు. తర్వాత రోజూ తువ్వాలు అరికాలికి వేసి లాగడం, బట్టలారేసే తీగ పట్టుకొని ఆ ఒంటికాలిమీదే నిలవడం. వాకిట్లో నిలవడం వచ్చింది. కానీ వాకిలి ఊగదు కదా! మా ఆయనకు ట్రాక్టరు ఉంది. హవేలిఘనపూర్ పొలాలకు పోతుంటే ట్రాలీ ఎక్కి నిలబడ్డాను.

"పిచ్చి లేసిందా? దిగు!"

"నువ్వు మెల్లగ తోలు. పడితే నేనే పడ్త."

మొదటి రోజు ఊరు దాటక ముందే కూలబడ్డాను. వారం తర్వాత కాలువ దాకా నిలిచాను. నెల తిరిగేసరికి పొలం దాకా, ట్రాలీ అంచు పట్టుకోకుండా పోయాను. దారిలో నాట్లు వేసే ఆడవాళ్లు నడుములెత్తి నన్ను చూసి కేకలేసేవారు.

డ్యూటీకి పోయిన రోజు డిపో పెద్ద సారు కాగితాలు చూసి, "కూసోని చేసే పని ఉందమ్మా, ఇస్తా" అన్నాడు. మంచికే అన్నాడు.

"బస్సే ఇయ్యండ్రి సార్."

పాపన్నపేట బస్సే ఇచ్చారు. సగం దారిలో బర్రెలు అడ్డం వచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు కొట్టాడు. జనం ఒకరిమీద ఒకరు పడ్డారు. నా కుడి పాదం నేలను పట్టుకొని నిలిచింది. డ్రైవరు అద్దంలో చూసి, "జర కూసో అక్కా" అన్నాడు. చీలమండ సలుపుతోంది, అబద్ధమెందుకు? రెండు స్టాపులు కూర్చున్నాను. మూడో స్టాపులో జనం ఎక్కగానే లేచి, "టిక్కెట్, టిక్కెట్" అంటూ వాళ్ల మధ్యలోకి పోయాను.