మా తమ్ముడు పెట్టిన సంతకాలు

మా తమ్ముణ్ణి వీధిలో అందరూ ఫైలు అంటారు. వెనకాల అంటారనుకునేరు, మొహం మీదే అంటారు. వాడికి అదో బిరుదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చంకలో ప్లాస్టిక్ ఫైలొకటి ఇరికించుకుని బయల్దేరతాడు. ఎక్కడికి? టీకొట్టు దాకా. అక్కడ కూర్చుని ఏ దరఖాస్తు ఎలా పెట్టాలో, ఏ కాగితానికి ఏ కాగితం జత చేయాలో అడిగినవాడికీ అడగనివాడికీ ఉపన్యాసం ఇస్తాడు. వాడు పనిచేసిన ఏ ఆఫీసూ వాణ్ణి ఏడాదికి మించి భరించలేదు. అదేమిట్రా అంటే, "నా స్థాయికి తగ్గ పని కాదక్కా" అంటాడు. ఆ స్థాయి ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. తోడబుట్టినవాడు కాబట్టి ఇంతటితో సరిపెడుతున్నాను, పరాయివాడైతే ఇంకా గట్టిగా చెప్పేదాన్ని.

ఇల్లు నడిచేది మా మరదలి కుట్టుషాపు మీద. ఆసుపత్రి నర్సులకీ, హోటల్ పనివాళ్లకీ యూనిఫాంలు కుడుతుంది. ముందుగదిలో మిషన్లు, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడ పొడుగునా దారపు కండెలు. నేను కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను. ఆవిడ పొద్దున తల వంచితే మళ్లీ భోజనం వేళకే ఎత్తడం. మా వాడు మధ్యాహ్నం వచ్చి, ఆ బల్ల మీద ఫైలు పడేసి, "షాపు చూసుకునేసరికి నడుం పడిపోతోందండీ" అంటాడు వచ్చినవాళ్లతో. సొమ్మొకడిది, సోకొకడిది!

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది వాడి సంతకాల పిచ్చి. తన సంతకాలు కాదు, పెళ్లాం సంతకాలు. పెళ్లయిన కొత్తలో ఆ పిల్ల ఏదో కాగితం మీద పేరు రాస్తే, "కోడి కెలికినట్టుంది, పరువు పోతుంది" అని లాక్కుని, ఆవిడ పేరుతో తనే ఓ సంతకం కనిపెట్టాడు. మొదట పెద్ద సున్నా, మధ్యలో మెలికలు తిరిగిన పాము, చివర్న కిందికి లాగి రెండు చుక్కలు. అందులో ఆ పిల్ల పేరు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. అప్పట్నుంచి షాపు అద్దె కాగితం, కూతురి స్కూలు కాగితాలు, బ్యాంకు చెక్కులు, అన్నిటి మీదా ఆవిడ సంతకం అంటే వీడి గీకుడే. "నీకెందుకే ఈ తలనొప్పి, నేనున్నానుగా" అనేవాడు. చేతినిండా పని, పోనీలే అని ఆవిడా ఊరుకునేది.

ఈ ఏడు, షాపుకి గుడ్డ పంపే మిల్లువాళ్లు ఎక్కువ గుడ్డ కొన్నవాళ్లకి బహుమతి పెట్టారు. ఎక్కడో సముద్రం మధ్యలో ఓ దీవి దేశం. ఇద్దరికి టిక్కెట్లు, హోటలు, పడవ షికారు, ఖర్చంతా వాళ్లదే. మా మరదలి షాపుకి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ సముద్రం చూసిన పాపాన పోలేదు. "వదినా, నీళ్లు నిజంగా అంత పచ్చగా ఉంటాయంటావా? ఫొటోలో రంగేశారేమో!" అని రోజుకి పదిసార్లు అడిగేది. ఊరందరికీ కుట్టడమే తప్ప తనకంటూ ఒకటి కుట్టుకోని మనిషి, పూలపూల గుడ్డ కొనుక్కుని మరీ కుట్టుకుంది. ఆ మొహంలో అంత సంబరం నేను దాని పెళ్లిలో కూడా చూడలేదు.

ఇహ మా ఫైలుకి పని దొరికింది. "దీవిలో కాలు పెట్టాలంటే ప్రవేశ పత్రం కావాలి, ఊరికే రానిస్తారనుకున్నారా?" అని వీధంతా చాటింపు వేశాడు. హోటల్ కాగితానికి నకళ్లు, తిరుగు టిక్కెట్టుకి నకళ్లు, నకళ్లకి మళ్లీ నకళ్లు. ఫొటోలు తెల్లగోడ ముందు ఒకసారి, నీలం తెర ముందు ఒకసారి. పాస్‌పోర్టులు ఎప్పుడో ఏజెంటు ద్వారా చేయించి అల్మారాలో దాచాడు. అవి తీసి, "చూశావా నా ముందుచూపు!" అన్నాడు. గోరంత పనికి కొండంత గోల.

దీవివాళ్ల ఆఫీసు ఓ పెద్ద భవనం మూడో అంతస్తులో ఉంది. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. గాజుకిటికీ వెనక ఓ అమ్మాయి కూర్చుని ఉంది. వాడు కాగితాలన్నీ పేకముక్కల్లా పరిచాడు. ఆ అమ్మాయి చూసుకుని, "అన్నీ ఉన్నాయండీ. పాస్‌పోర్టులో ఉన్నట్టే నా ఎదురుగా సంతకాలు పెట్టండి" అంది. వాడు పెట్టాడు, వాడి పత్రం మీద ముద్ర పడిపోయింది. మా మరదలు కలం పుచ్చుకుని, గుండ్రటి అక్షరాల్లో పొందిగ్గా తన పేరు రాసింది.

ఆ అమ్మాయి పాస్‌పోర్టు చూసింది, కాగితం చూసింది, మరదలి మొహం చూసింది. "ఇది కలవట్లేదమ్మా."

మరదలు వంగి తన పాస్‌పోర్టులోకి తనే తొంగిచూసింది. సున్నా, పాము, రెండు చుక్కలు. ఆవిడ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"కంగారులో రాశారేమో. శుక్రవారం రండి, ఇంకోసారి చూద్దాం" అంది ఆ అమ్మాయి జాలిగా.

బయటికొచ్చాక వాడు సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? అయ్యో రామ! "చూశావా అక్కా, నన్ను ఎంత తలదించుకునేలా చేసిందో!" అన్నాడు. ఇంటికి రాగానే కత్తిరింపు బల్ల మీద తెల్లకాగితాలు పరిచి, పెళ్లాన్ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. "సున్నా ఇంకా పెద్దది. తోక ఇలా తిప్పి లాగాలి. ఛ! నీ సంతకం నీకే రాకపోతే ఎలాగే?"

నాకు సూది వేల్లో దిగింది. "ఒరేయ్, బుద్ధుందా? అది దాని సంతకమట్రా?"

"నీకు తెలీదు, నువ్వూరుకో అక్కా. ఆఫీసుల సంగతి నాకు తెలుసు."

వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. శుక్రవారం దాకా ఆర్డర్లు పక్కనబెట్టి, ఆ పిచ్చితల్లి తన పేరుతో ఉన్న దొంగ సంతకాన్ని బడిపిల్లలా దిద్దింది. "వచ్చేస్తుంది వదినా, ఇంకాస్త దిద్దితే వచ్చేస్తుంది" అని నాకే ధైర్యం చెప్పింది. సముద్రం మీద ఆశ దానిచేత అంత పనీ చేయించింది. దాన్ని చూస్తే జాలేసింది. వాణ్ణి చూస్తే అసహ్యం వేసింది.

శుక్రవారం వెళ్లాం. అదే కిటికీ, అదే అమ్మాయి. మరదలు కలం పట్టుకుంది. సున్నా బాగానే వచ్చింది. పాము దగ్గర మెలిక ఎటు తిప్పాలో తోచక కలం ఆపేసింది. ఇంతలో మా ఘనుడు పక్కనుంచి చెయ్యి చాపి, ఆవిడ వేళ్లలోంచి కలం లాగేసుకున్నాడు. "ఇటివ్వు, నీవల్ల కాదు" అని ఒక్క గీకుడు గీకి, కాగితం కిటికీలోకి తోశాడు. అచ్చు గుద్దినట్టు కలిసింది మరి!

ఆ అమ్మాయి నోరు వెళ్లబెట్టింది. "అంటే, ఈవిడ పాస్‌పోర్టులో సంతకం మీరు పెట్టిందా?"

"మా ఇంట్లో అందరివీ నేనే పెడతానమ్మా" అన్నాడు, ఛాతీ విరుచుకుని.

సన్మానం చేస్తుందనుకున్నాడు కాబోలు. ఆ అమ్మాయి మరదలి పాస్‌పోర్టు మూసి వెనక్కి ఇచ్చేసింది. "మీ చేతి సంతకంతో కొత్తది చేయించుకోండమ్మా. దీని మీద నేను ప్రవేశ పత్రం ఇవ్వలేను."

"వేరే దారేమీ లేదా అమ్మా?" అని మరదలు అడిగింది. ఆ గొంతు నాకు ఇంకా చెవిలో ఉంది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. కొత్త పాస్‌పోర్టు వచ్చేసరికి బహుమతి గెలిచిన మిగతావాళ్లంతా కలిసి దీవి చూసి తిరిగి కూడా వచ్చేస్తారు.

మెట్లు దిగుతూ మా వాడు ఏమన్నాడో చెబితే మీరు నమ్మరు. "రెండు టిక్కెట్లూ వృథా చేసుకోవడం దేనికి? నేనైనా వెళ్లొస్తే, అక్కడి సంగతులు నీకు చెబుతాను కదా!"

నేను మెట్టు మీదే నిలబడిపోయాను. "ఒరేయ్, నువ్వసలు మనిషివేనా? దాని రెక్కల కష్టానికి వచ్చిందిరా అది! దాని నోటిదగ్గర కూడు తన్నేసి, నువ్వు షికారుకి పోతావా?"

"వెళ్లిరండి" అంది మరదలు. ఆ ఒక్క మాటే. నాకు దాని మీదా కోపం వచ్చింది.

వెళ్లాడు. నిజంగానే వెళ్లాడండీ! రోజూ ఫోనుకి ఫొటోలు. ఇసుకలో వీడు, పడవలో వీడు, నీళ్లలో మోకాళ్లదాకా దిగి పళ్లికిలిస్తూ వీడు. కింద, "నువ్వుంటే బాగుండేది" అని ఓ ముక్క. సిగ్గనేది అంగట్లో అమ్మితే ఓ కిలో కొని పంపేదాన్ని.

మరదలు ఆ ఫొటోలు చూసి, ఫోను బోర్లా పెట్టి, "వదినా, షాపు కాస్త చూస్తావా? బయట పనుంది" అంది. మొదట పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్లింది. అక్కణ్ణుంచి బ్యాంకుకి, తర్వాత షాపు ఇంటివాళ్ల దగ్గరికి, కూతురి స్కూలుకి. వెళ్లిన ప్రతిచోటా, "ఇన్నాళ్లూ మీ దగ్గరున్నది నా సంతకం కాదు. ఇదీ నాది" అని చెప్పి, పేరు రాసి వచ్చిందట. సాయంత్రం ఈ మాట నాకు చెప్పి, మిషన్ ముందు కూర్చుని ఆగిపోయిన కాలరు కుట్టడం మొదలుపెట్టింది.

మా వాడు ఎండకి నల్లగా మాడి దిగాడు. టీకొట్టులో దీవి పురాణం అంతా అయ్యాక, చేతిఖర్చులకి ఎప్పట్లాగే సొరుగులోంచి చెక్కు ఒకటి చింపి, పెళ్లాం సంతకం గీకి, ఫైలు చంకనపెట్టుకుని బ్యాంకుకి వెళ్లాడు. కాసేపటికి రుసరుసలాడుతూ తిరిగొచ్చాడు. షాపునిండా కొలతలివ్వడానికి వచ్చిన నర్సులు. వాళ్లందరి ముందూ చెక్కు ఊపుతూ అరిచాడు. "ఆ బ్యాంకువాళ్లకి మతి పోయింది! నీ సంతకం చెల్లదంటున్నారే!"

మరదలు చేతిలో టేపు మెడలో వేసుకుని, వాడికేసి తిరిగింది.

"నా సంతకం చెల్లుతోందండీ. పొద్దున్నే నేనే వెళ్లి గుడ్డకి డబ్బు కట్టి వచ్చాను. చెల్లనిది మీది."

నర్సుల్లో ఒకావిడ కిసుక్కుమంది. వాడు నాకేసి చూశాడు, అక్క ఏమైనా అంటుందేమోనని. అక్కకి మాట్లాడే పరిస్థితి ఎక్కడిది? నవ్వాగక ఆ పూట కుట్టిన కాజాలన్నీ వంకర పోయాయి, మళ్లీ విప్పి కుట్టాల్సొచ్చింది.