మూసిన తలుపు వెనక దగ్గు

మిస్సౌరీ హైవే పక్కన చిన్న హోటల్లో లొరెట్టా రోజంతా పిప్పరమెంటు చప్పరిస్తూ కాఫీ పోస్తుంది. రోజూ అక్కడికొచ్చే డాక్టర్ ప్రూయిట్ టిఫిను తింటున్నంతసేపూ ఆమె దగ్గదు. ఆపుకోలేకపోతే కూరగాయల కోల్డ్ రూమ్‌లో దూరి, మందపాటి తలుపు మూసుకుని దగ్గుతుంది. ఆమె ఆరోగ్య బీమా కొద్ది నెలలకే చెల్లుతుంది; గడువు తీరగానే మళ్లీ కొత్తది తీసుకోవాలి. డాక్టరు ఒకసారి పేరు పెట్టిన జబ్బేదీ ఆ కొత్త బీమాలోకి రాదు.

ఆ ఉదయం టీవీలో, అలాంటి బీమాను మూడేళ్లకు పొడిగించే బిల్లు చట్టసభ ముందుకొచ్చిందన్నారు.

"నీ పంట పండిందే, లొరెట్టా!" అని కేకేశాడు వంటవాడు డ్వేన్.

"అది నా చేతికొచ్చేదాకా ఈ దగ్గేమిటో నాకు తెలియకూడదురా నాయనా," అని గొణిగి, నోటికి ఆప్రాన్ అడ్డం పెట్టుకుని కోల్డ్ రూమ్‌లోకి పరుగెత్తింది.

కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి డాక్టరు తల పైకెత్తాడు.

"ఎవరమ్మా, అంతలా దగ్గుతున్నారు?"

లొరెట్టా ఆయన కప్పు నింపింది.

"ఎవరూ లేరండీ. లోపల కోల్డ్ రూమ్ మోటారు."