సున్నా శాతం పనివాళ్ళు

నా ఎదురుగా కూర్చుని పల్లీల చట్నీతో ఉప్మా తింటున్న మనిషిని నేను సాయంత్రం దాకా చచ్చినవాళ్ళ లెక్కలో ఉంచాను. అదీ ఎవరిని? నా భార్యకు స్వయానా అన్నను! కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు. మౌసుతో నొక్కాను, అంతే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో వరసగా చెబుతాను. నవ్వడం మీ వంతు, మధ్యమధ్య నన్ను తిట్టుకోవడం కూడా మీ వంతే.

నేను గోదావరిఖనిలో, భూగర్భ గనిలో ఊటనీళ్ళు తోడే పంపుకు ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు. గనిలో ఊట ఎంత పెరిగిందన్నది మొదలుకొని ఇంట్లో పప్పులో ఉప్పు ఎంత తగ్గిందన్నదాకా అన్నీ అందులోకి ఎక్కుతాయి.

రిటైరైన ఏడాది, మంచిర్యాలలో టీచరుగా ఉన్న మా అమ్మాయి శ్రీలత ఒక కంప్యూటరు కొనిచ్చింది. దానితోపాటు సబ్బుపెట్టెంత వేలిముద్ర మిషను. పింఛను తీసుకునేవాళ్ళం ఇంకా బతికే ఉన్నామని ఏటా నవంబరులో రుజువు చూపాలి కదా, లేకపోతే పింఛను ఆగిపోతుంది. ఆ మిషను మీద బొటనవేలు పెట్టగానే ఎర్రదీపం వెలిగింది. తెర మీద నా పేరు వచ్చింది. కుర్చీలోంచి లేవకుండానే నేను బతికున్నట్టు తేలిపోయింది! ఆ ఆనందంలో చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్లో చాటింపు వేశాను.

"వచ్చే ఏడు ఎవ్వరు లైన్ల నిలబడొద్దు. మా ఇంటికి రాండ్రి. వేలు పెట్టుడే, బతికిపోవుడే!"

కొన్ని నెలలకు కంప్యూటరు మొద్దుబారింది. మీట నొక్కి, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చినా తెర మీద ఆ గుండ్రటి గుర్తు ఇంకా తిరుగుతూనే ఉండేది. అమ్మాయికి ఫోన్ చేశాను.

"బాపూ, తెర మీద కనబడకున్నా లోపల చాన నడుస్తుంటయి. బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లంటరు. టాస్క్ మేనేజర్ తెరువు, కనబడ్తయి. నువ్వు వాడనియి, నీకు తెలిసినయి మాత్రమే ఆపు. తెల్వనిదాని జోలికి పోకు."

"గంతేనా బిడ్డా!" అన్నాను. ఆ చివరి ముక్క నా చెవి దాకా వచ్చింది గాని లోపలికి పోలేదు.

తెరిచాను. ఏం చెప్పమంటారు! ఉద్యోగంలో చేరిన మొదటి రోజు గుర్తుకొచ్చింది. పైన చూస్తే తుమ్మచెట్లు, బర్రెలు మేస్తున్న బీడు. దిగి చూస్తే కింద ఊరికి ఊరే: దీపాలు, పట్టాలు, మనుషుల కేకలు. మన కాళ్ళ కింద ఇంత లోకం ఉందా అని ఆనాడు నోరు తెరిచాను. మళ్ళీ ఈనాడు తెరిచాను. పైన తెర మీద ఒక పువ్వు బొమ్మ, ఎంతో ప్రశాంతంగా. దాని వెనక పేర్లు, పేర్లు, పేర్లు! మౌసు చక్రం తిప్పుతుంటే, షిఫ్టు వదిలాక గనిలోంచి మనుషులు వచ్చినట్టు వస్తూనే ఉన్నాయి.

"లక్ష్మీ, జల్ది రా! ఇండ్ల ఒక గని ఉన్నది!"

మా ఆవిడ పిండి చేతులతో వచ్చి చూసింది. "అండ్ల బొగ్గు ఎల్తాందా?"

"లేదు."

"మరి గంతగనం ఎందుకు ఒర్రుతున్నవయ్యా?"

నేను ఆ ఆశ్చర్యంతో ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు. ప్రతి పేరు పక్కన అది ఎంత పని చేస్తోందో శాతం వేసి ఉంది. సగానికి పైగా సున్నా! చాయ్ తాగి వచ్చి చూశాను, సున్నా. భోంచేసి వచ్చి చూశాను, సున్నా. నా సర్వీసంతా నేను ఏనాడూ అధికారిని కాలేదు. ఆ ముచ్చట తీర్చుకునే రోజు వచ్చింది. డైరీలో "హాజరు ఉంది, పని లేదు" అని రాసుకుని ఒక్కొక్కరినే పిలిచాను.

"నువ్వెవలు? ఏం పని చేస్తవ్?"

పేరు పక్కన సున్నా కదల్లేదు.

"ఊకనే కూసున్నవా? నడువ్ ఇంటికి!"

ఒకదాన్ని పంపగానే తెర మీది బొమ్మలన్నీ మాయమయ్యాయి. సమ్మె అనుకున్నాను. కంప్యూటరు ఆపి మళ్ళీ పెడితే, పంపినవాళ్ళందరూ సిగ్గులేకుండా తిరిగి డ్యూటీ ఎక్కారు. నాకు పౌరుషం వచ్చింది. వెతగ్గా వెతగ్గా స్టార్టప్ అని ఇంకో గది దొరికింది. కంప్యూటరు లేవగానే వెంట లేచేవాళ్ళ పేర్లు అందులో ఉంటాయి. అక్కడ ఆపితే ఇక లేవరు. ఆపాను. మర్నాడు కంప్యూటరు లేడిపిల్లలా లేచింది. నేను వారం రోజులు మెడ వంచకుండా తిరిగాను.

నవంబరు ఆఖరి రోజు పొద్దున ఓదెలు బావ వచ్చాడు. లక్ష్మి అన్న ఈయనే. గనిలో బొగ్గు నింపి నింపి చేతులు అరిగిన మనిషి. కోడలు బ్యాంకుకు తీసుకుపోతానంటే "మా బావ ఇంట్ల మిషినుండంగ నాకు లైనెందుకు?" అని ఇన్నాళ్ళూ ఆగాడు. ఈరోజు దాటితే వచ్చే నెల పింఛను రాదు. ఆయన గుండె మందులు ఆ పింఛనుతోనే.

వేలు పెట్టాడు. దీపం వెలగలేదు. తెర మీద ఇంగ్లీషులో "సిద్ధంగా లేదు" అని వచ్చింది. ఏది సిద్ధంగా లేదో చదివే ఓపిక నాకెక్కడిది?

"నీ వేలు తయారుగ లేదట, బావా."

"ఏందట దానికి?"

"అరిగిందట. కడుక్కో."

సబ్బుతో కడిగించాను. కొబ్బరినూనె రాయించాను. ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో తోమించాను. అప్పుడే ఉప్మా కూడా పెట్టించాను, వేలికి బలం వస్తుందేమోనని. మధ్యాహ్నం దాటింది. ఒక్క వేలూ పడలేదు.

"పది వేళ్ళయినయి బావా. ఇగ కాళ్ళయి పెట్టాల్నా?"

"ఆగు, మిషిను సోచాయిస్తాంది."

"గట్లయితే ఇప్పుడు నేను ఉన్ననా, సచ్చిన్నా?"

"లెక్క ప్రకారం... ఇంక తేలలే."

లక్ష్మి చాయ్ తెచ్చింది. బావ గ్లాసు వెనక్కి ఇచ్చాడు. "చెల్లె, ఇంకింత చక్కెరెయ్యి. సచ్చినోనికి షుగరు ఫికరేంది?"

"మా అన్నను ఇంటికి పిలిచి సంపినవ్ గదయ్యా!" అంది లక్ష్మి నా వైపు తిరిగి.

అందరం నవ్వాం. కాని అప్పటికి బ్యాంకు కూడా మూసేశారు. బావ నవ్వుతూనే జేబులోని మందుల చీటీని తడుముకోవడం చూశాను. ఇక ఆగలేక అమ్మాయికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"బాపూ, కింద మూలకు చిన్న ఎర్ర గుర్తు ఉండాలె. ఉన్నదా?"

"లేదు బిడ్డా."

"అది బ్యాక్‌గ్రౌండ్‌ల నడిస్తెనే ఆ మిషిను పని చేస్తది. స్టార్టప్‌ల ఏమన్న ఆపినవా?"

"పని చెయ్యనోళ్ళనే ఆపిన."

"ఎవలెవల్ని?"

"...అందర్ని."

అవతల అమ్మాయి నెత్తి కొట్టుకున్న చప్పుడు వినబడింది. "ఏడాదంత అది సున్నాలనే ఉంటది బాపూ. వేలు పెట్టిన్నాడు లేస్తది. కాసుకోని ఉండుడే దాని పని."

లక్ష్మి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమయ్యా, ముప్పై ఏండ్లు పంపు కాడ స్టూలు మీద నువ్వేం చేసినవ్?"

"...కూసున్న."

"నిన్నెవలన్న తీసేసిన్రా?"

నిజమే. ఊట లేని షిఫ్టుల్లో నేనూ సున్నాయే. "ఈరోజు ఏమీ జరగలేదు" అని డైరీలో ఎంత గర్వంగా రాసుకునేవాణ్ణి! ఏమీ జరగకుండా చూడడమే కదా నా పని. అది మరిచి, నాలాంటివాళ్ళనే ఏరి ఏరి ఇంటికి పంపాను.

అమ్మాయి చెబుతుంటే ఒక్కొక్కరినే తిరిగి డ్యూటీకి పిలిచి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాను. గుండ్రటి గుర్తు తిరిగింది, తిరిగింది. ఈసారి విసుగు రాలేదు. లోపల ఎందరు చెప్పులేసుకుని బయలుదేరుతున్నారో అనిపించింది. మూలన ఎర్ర గుర్తు వచ్చింది. మిషనులో దీపం వెలిగింది. చీకటి గనిలో దూరం నుంచి ఎదురొచ్చే మనిషి నెత్తి మీది దీపంలా కనబడి, నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

బావ వేలు పెట్టాడు. మొదటిసారికే పడింది. తెర మీద తన పేరు చదువుకుని, వేలిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"బతికిన బావా!" అని, వెంటనే ముఖం ముడిచాడు. "చెల్లె, చాయ్‌ల చక్కెర ఎక్కువైంది గదనే!"

ఆ రోజు డైరీలో ఎర్రసిరాతో ప్రతిజ్ఞ రాశాను: "గోదావరి సాక్షిగా, నా పంపు సాక్షిగా, సున్నా శాతం చూసి ఇక ఎవరినీ ఇంటికి పంపను. తెలియని పేరు కనబడితే దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను." కింద సంతకం చేశాను. పక్కన ఓదెలు బావ వేలిముద్ర వేశాడు, చింతపండు మరకతో సహా.

అప్పటినుంచి ఆ ప్రతిజ్ఞను అన్నివిధాలా పాటిస్తున్నాను. మొన్న వరండాలో కుర్చీలో ఉండగా లక్ష్మి వచ్చింది.

"ఊకనే కూసున్నవ్, బీరకాయలన్న కొయ్యరాదు?"

"ఊకనే కూసోలే. బ్యాక్‌గ్రౌండ్‌ల నడుస్తున్న."

"గట్లనా! అయితే నేను బందు జేస్తున్న. లే!"