చుక్కలక్క కట్టిన చెరుకు కట్ట

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే రోజులవి. నిజామాబాద్‌లో ఇంజనీరింగ్ చదువు ముగించి, మా ప్రొఫెసర్ గారి దగ్గరున్న ఒకే ఒక్క పరిశోధన ఉద్యోగం మీద కన్నేశాను. ఆయన పద్ధతి అప్పట్లో అందరికీ వింత. ఏ వస్తువు ఎంత బరువుకు విరుగుతుందో చెప్పడానికి మిగతావాళ్లు సూత్రం రాస్తే, ఆయన సూత్రమే వద్దనేవారు. కొలిచిన లెక్కలన్నీ కంప్యూటర్‌కిచ్చి, కొత్తదానికి దగ్గరగా ఉన్నవాటిని వెతికించి, అవి విరిగిన బరువును బట్టి ఇది ఎంతకు విరుగుతుందో చెప్పేవారు. లోహాలు కొనే స్తోమత కాలేజీకి లేదు కనుక, బోధన్ నుంచి బస్సు మీద వచ్చే చెరుకు గడలే మా సరుకు. అవి కూడా ఏరి పంపిన మంచి గడలే.

ఆ ఉద్యోగానికి నాకు పోటీ ఒక్కరే, మోస్రా నుంచి వచ్చిన సీనియర్. గ్రాఫు మీద గీత కలపకుండా ఎప్పుడూ చుక్కలే పెడుతుందని ఆమెకు చుక్కలక్క అని పేరు పెట్టాను. (పేర్లు పెట్టడంలో నాదెప్పుడూ మొదటి ర్యాంకే.) సార్ ఆమె చుక్కలను తదేకంగా చూసేవారు. చుక్కలన్నీ కలిపి నేను గీసిన గీతను మాత్రం బాగుందంటూ పక్కన పెట్టేవారు. నాకు కడుపు మండిపోయేది. ఆమె టిఫిన్ డబ్బా మూత చప్పుడు కూడా సహించలేకపోయేవాణ్ని. చివరికి ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్లగానే, ఆమె కొలవడానికి పెట్టుకున్న చెరుకు కట్ట విప్పి పురుగు తొలిచినవీ, వంకరవీ, ఎండినవీ పది గడలు దూర్చి మళ్లీ కట్టేశాను. ఆమె లెక్కలన్నీ చెడిపోతాయని నా ఆశ.

వారం తర్వాత సార్ ఒక రైతును పిలిచి, పొలంలో చేతికందిన గడలు అందినట్టే తెమ్మన్నారు. ఏది ఎంత బరువుకు విరుగుతుందో ముందే చెప్పినవాళ్లకే ఉద్యోగం. రైతు తెచ్చినవాటిలో సగం పురుగు తిన్నవే. నా గీత ప్రతిసారీ బోల్తా కొట్టింది. ఆమె మాత్రం ఇంచుమించు సరిగ్గా చెప్పుకుపోయింది. పుచ్చు గడలు కూడా కొలవాలన్న ఆలోచన ఎంతమందికి వస్తుందని సార్ ఒకటే మెచ్చుకోలు. ఆ ఆలోచన నాదేనని చెప్పుకోవాలని నోటిదాకా వచ్చింది. ఎలా చెప్పను?

వరండాలో ఆమె నా పక్కకొచ్చి మెల్లగా అంది.

"తమ్మీ, గవి నువ్వే పెట్టినవని నాకెర్కనే. నీ ముడి నేను గుర్తుపట్టనా? పారేద్దామనుకున్న. మల్ల, పొలంల గసొంటియి గూడ ఉంటయి గదా అని కొలిచిన."

"సార్‌కు చెప్పినవా అక్కా?"

"చెప్తే నీకేమొస్తది, నాకేమొస్తది."

ఉద్యోగం పోయినందుకు కాదు, నేను ఓర్వలేక చేసిన పనిని కూడా ఆమె కూర్చుని శ్రద్ధగా కొలిచినందుకు ఆ రోజు ఎక్కువ ఉడికిపోయాను. ఇప్పుడు నేనూ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అప్పటి ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఆమెను తలుచుకుంటే మాత్రం, నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ కొంచెం మండుతూనే ఉంటుంది.