మేజర్ సాబుకు నేను తెచ్చిన చావు

మొన్న మా మనవరాలు సాంఘిక శాస్త్రం పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, అందులోంచి మీసాలు మెలితిప్పిన ఒక సిపాయి, నెత్తిన శూలం మొలిచిన టోపీతో, నన్నే గుడ్లురిమి చూశాడు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చినవాణ్ణి, ఆ టోపీ జర్మనీ వాళ్ల పాత ప్రష్యా దేశానిదని టక్కున చెప్పేసరికి పిల్ల నోరు తెరిచింది. దానికేం తెలుసు, అలాంటి టోపీ పెట్టినాయన్ని ఖతర్‌లో చంపింది వాళ్ల తాతేనని!

ప్రపంచ కప్పు కోసం మైదానాలు లేస్తున్న రోజులవి. అల్ వక్రా దగ్గరి సైటు నుంచి క్యాంపుకు గంట సేపు బస్సు, ఆ గంటకు నేనే రాజును. ఫోర్‌మన్ నడక, వంటవాడి పప్పు, దేన్నీ వదలకుండా వెక్కిరించి నలభై మందిని నవ్వించేవాణ్ణి. అటువంటి నా రాజ్యంలోకి మా ఆవిడ చెల్లెలి మొగుడు, డిగ్రీ చదివిన నా తోడల్లుడు, స్టోర్ కీపరుగా వచ్చి దిగాడు. అత్తగారింట్లో అప్పటికే కోడి తొడ అతని విస్తట్లోకీ, మెడ నా విస్తట్లోకీ పడుతుండేవి. ఎడారిలో కూడా అతనే ఎదురైతే ఏ పెద్దల్లుడు ఓర్చుకుంటాడు చెప్పండి?

సైటులో ఒక జర్మనీ ఇంజనీరు, తన ముత్తాతకు తాత జీవితం రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఇతనికి చదవమని ఇచ్చాడట. మధ్యాహ్నం చదివింది సాయంత్రం బస్సులో చెప్పడం మొదలుపెట్టాడు. పదకొండేళ్లకే ఇల్లు విడిచి సైనిక బడిలో చేరిన పేదింటి పిల్లవాడు, యుద్ధాలు లేక ప్రమోషన్ రాక పదిహేనేళ్లు లెఫ్టినెంటుగానే పడి ఉండడం (అచ్చం ఏళ్లయినా ఫోర్‌మన్ కాలేని మన ఛార్జ్‌హ్యాండే అని ఎవరో అంటే అందరూ గొల్లున నవ్వారు, ఆ జోకు నాది కావలసింది), డెన్మార్కు మీదా ఆస్ట్రియా మీదా పోరాడి చివరికి మేజరు కావడం... ఆ రోజు బస్సంతా చప్పట్లు. నేను వంటవాడి పప్పు ఎత్తుకోబోతే, "ఆగరాదే, సాబు ఫ్రాన్సుకు పోతుండు" అని నా నోరే మూయించారు. కడుపులో ఎండుమిరపకాయలు వేగాయి.

ఒక బుధవారం తోడల్లుడు జ్వరమొచ్చి డ్యూటీకి రాలేదు. అందరూ ఉసూరుమంటుంటే నేను లేచి, మిగతా కథ తమ్ముడు నాకు ముందే చెప్పాడని కోతలు కోసి, మేజర్ సాబు ఫ్రాన్సులో గుండు తగిలి పోయాడని, గుర్రం మాత్రం బతికిందని ఆడి మరీ చూపించాను. ఒక్కడూ నవ్వలేదు. మా పెద్దమేస్త్రి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "మూడు నెలలు మనతోటి తిరిగిన మనిషి. పరాయి దేశంల పాణం పోయింది. పిట్టకన్న పెట్టద్దా?" అన్నాడు. పరాయి దేశం అనగానే ప్రతివాడి కళ్లముందూ ఎవరి శవపెట్టె వాడికి కనబడి ఉంటుంది, కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పోయినవారికి ఇష్టమైనది వండి పిట్టకు పెట్టే మూడో నాడు శుక్రవారం, సెలవు. సాబుకు ఏమిష్టమని తోడల్లుణ్ణి అడిగారు. అతను ఒక్కసారి నా వైపు చూశాడు. ఒక్క మాటతో నలభై మందిలో నా పరువు తీయగలడు. పెద్దవాణ్ణని ఊరుకున్నాడేమో, "ఆలుగడ్డ" అన్నాడు.

క్యాంపు డాబా మీద అన్నం, ఆలుగడ్డ కూర పెట్టి ఎండలో నిలబడ్డాం. కాకులు లేని చోటు, పావురాలే దిక్కు. అవి గోడ మీద కూర్చుని చూస్తాయే గానీ దిగవు. పోయినవారికి కోరిక మిగిలితే పిట్ట ముట్టదు కదా, ఒక్కొక్కరూ ముందుకొచ్చి ఏదో ఒక మాటిచ్చారు. నా వంతు వచ్చినప్పుడు నిజం నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. ఆఖరున తోడల్లుడు చేతులు జోడించి, "సాబ్, మా అన్న చెప్పిన కాడికే నీ కత. ఇంక దాని ముచ్చట నేనెత్తను" అన్నాడు. ఒక పావురం దిగి ఆలుగడ్డ ముక్కను ముట్టింది.

పిట్ట సాక్షిగా ఇచ్చిన మాట. పుస్తకం మిగతా సగం చదవకుండానే ఇంజనీరుకు ఇచ్చేశాడు. బస్సు మళ్లీ నాదైంది, కానీ పప్పు మీద ఎన్ని విసుర్లు విసిరినా అందరూ కిటికీల్లోంచి ఇసుకను చూసేవాళ్లే.

మొన్ననే అతనికి ఫోను చేసి సాబు చివరికి ఏమయ్యాడో తెలుసా అని అడిగాను. "నువ్వే సంపితివి గదా అన్నా, నన్నడుగుతవేంది?" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా నా నవ్వు కంటే బాగుంది.

ఇప్పుడు మా అల్లుడు అదే ఖతర్‌లో, రాస్ లఫాన్‌లో ఉన్నాడు. బస్సులో ఏం మాట్లాడుకుంటారని అడిగితే, ఎవరి చెవుల్లో వాళ్లకు ఫోను తీగలుంటాయన్నాడు. హాయే అనుకుంటాను, ఎవరి కథ వాళ్లు వింటారు, ఒకడి కథను ఇంకొకడు చంపే పని లేదు. కానీ కుళ్లుకోవడానికైనా పక్కవాడు నోరు విప్పాలి కదా!